బీరువాలో రంగులు... బొంతలోకి!

మీ బీరువా అడుగు అరలో ఎన్ని జాకెట్టు గుడ్డలున్నాయో ఎప్పుడన్నా లెక్కపెట్టారా? నేను ఈమధ్యే లెక్కపెట్టాను. మొత్తం 43!

వీటిలో నేను డబ్బుపెట్టి కొన్నది ఒక్కటీ లేదు. శ్రావణమాసం పేరంటాల్లో వచ్చినవి కొన్ని, గృహప్రవేశాల్లో, ఒడుగుల్లో పెట్టినవి కొన్ని. ఏ చీరకీ సరిపోక, పోనీ ఎవరికైనా పెడదామంటే 'మరీ పల్చగా ఉందేమో, ఏమనుకుంటారో' అని వెనక్కి తగ్గి, అలా ఉండిపోయినవి. మన ఇళ్లలో జాకెట్టు గుడ్డది విచిత్రమైన ప్రయాణం. ఈ ఇంటి తాంబూలంలోంచి ఆ ఇంటి తాంబూలంలోకి, అక్కణ్ణుంచి ఇంకో ఇంటికి తిరిగి తిరిగి, రెండేళ్ల తర్వాత మడత కూడా విప్పకుండా మన చేతికే వస్తుంది. మా ఆడపడుచుకి నేను పెట్టిన వంగపండు రంగు గుడ్డ అలాగే నా దగ్గరికి తిరిగొచ్చింది. మడతలో ఉన్న పసుపు మరక చూసి గుర్తుపట్టాను. ఇద్దరం నవ్వుకున్నాం లెండి.

ఇప్పుడు ఆ గుడ్డలన్నీ కిందకి దింపాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, మా కాలనీలో పెట్టిన బొంతల పోటీ వల్ల.

సాదా గుడ్డలే... అదే పరీక్ష

మా కాలనీ ఆడవాళ్లం నెలకోసారి కలుస్తూ ఉంటాం. "ఈసారి ముగ్గులూ వద్దు, వంటలూ వద్దు, బొంతలు కుడదాం" అన్నారు ఒకావిడ. ఆవిడ పదేళ్లు అమెరికాలో ఉండి వచ్చారు. అక్కడ ఆడవాళ్లు బొంతలు కుట్టుకోవడానికి సంఘాలు పెట్టుకుంటారట. ఒకరితో ఒకరు పందేలు కూడా వేసుకుంటారట. ఒకసారి అన్నీ త్రికోణాలే, ఒకసారి నీలాలే, ఇలా. అలాంటి పందేల్లో ఒకటి, పూలూ చుక్కలూ గళ్లూ ఏమీ లేని సాదా గుడ్డలతోనే కుట్టడం. మాకూ అదే పెట్టారు. ఆరు రంగులకి మించకూడదు. అద్దకాలు, జరీ అంచులు, ఎంబ్రాయిడరీ కూడదు. 45 అంగుళాల చదరం. గడువు 40 రోజులు.

"ఓస్, ఇంతేనా!" అనుకున్నాను. బొంత మనకేమన్నా కొత్తా? మా అమ్మమ్మ పాత నేతచీరలు నాలుగు పొరలుగా పరిచి, పెద్ద సూదితో వరసగా టాకాలు వేసుకుంటూ పోయేది. చిన్నప్పుడు ఆ బొంత మీద పడుకునే కదా పెరిగాం.

తీరా ముందేసుకుని కూర్చున్నాక తెలిసింది కష్టం. పూలగుడ్డ మన తప్పుల్ని దాచిపెడుతుంది. కుట్టు కాస్త వంకరపోయినా పూలమధ్య కనపడదు. పైగా పూలగుడ్డలో నాలుగైదు రంగుల్ని అద్దకంవాళ్లే కలిపి ఇస్తారు. పక్కన ఏది పెట్టినా వాటిలో ఏదో ఒకదానితో చుట్టరికం కలుస్తుంది. సాదాగుడ్డకి ఆ సాయం లేదు. ఏ రంగు పక్కన ఏది పెట్టాలన్న భారమంతా మన నెత్తినే పడుతుంది.

సాదా గుడ్డలతో గొప్ప బొంతలు కుట్టినవాళ్లు అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం, లాంకాస్టర్ ప్రాంతంలో ఉన్నారు. ఆమిష్ అనే క్రైస్తవశాఖ వాళ్లు. ఆడంబరం పనికిరాదన్నది వాళ్ల కట్టుబాటు. ఒంటిమీద పూలగుడ్డలు వేసుకోరు. అందుకని వాళ్ల ఆడవాళ్లు దుస్తులకి వాడే సాదా గుడ్డలతోనే బొంతలు కుట్టారు. మధ్యలో పెద్ద డైమండు, చుట్టూ వెడల్పాటి పట్టీలు. ఆ పాత బొంతల ఫొటోలు చూస్తే ఆశ్చర్యపోతారు. ముదురు ఎరుపు, వంగపండు, నీలం, పచ్చ పక్కపక్కనే భగ్గుమంటూ ఉంటాయి. కట్టుబాటు పూలకేగానీ రంగులకి కాదన్నమాట!

1971లో న్యూయార్కులోని విట్నీ మ్యూజియంలో పాత అమెరికా బొంతల్ని చిత్రపటాల్లా గోడలకి వేలాడదీసి ప్రదర్శన పెట్టారు. అది చూసే చాలామంది బొంతని కొత్తగా చూడటం మొదలుపెట్టారు. మంచం మీద ఉన్నంతకాలం అది ఆడవాళ్ల చాకిరీ. గోడెక్కితే కళ! ఏమనాలి చెప్పండి?

దేనికి మ్యాచింగ్ మేడమ్?

ఇంట్లో 43 చాలవన్నట్టు బీసెంట్ రోడ్డుకి బయల్దేరాను. మ్యాచింగ్ సెంటర్ అంటే మీకు చెప్పక్కర్లేదుగా. గోడంతా అరలు, అరల్నిండా టూ బై టూ రూబియా, పాప్లిన్, కేంబ్రిక్ తానులు. ఎరుపొక్కటే పదిహేను రకాలు కనిపిస్తుంది.

"చీర తేలేదా మేడమ్?" అన్నాడు కుర్రాడు.

"లేదు బాబూ."

"మరి దేనికి మ్యాచింగ్?"

"దేనికీ కాదు" అన్నాను. నన్ను వింతగా చూశాడు.

నిజమే మరి. ఇన్నేళ్లూ రంగు ఎంచుకోవడమంటే నాకు తెలిసింది మ్యాచింగే. చీర ఏది చెబితే జాకెట్టు అది. అంచుకి సరిపోయిందా, ఫాల్సుకి సరిపోయిందా అనేగానీ, అసలు నాకే రంగు ఇష్టమో ఎవరూ అడగలేదు. నన్ను నేను అడుక్కున్నదీ లేదు. తానుల ముందు పావుగంట బెల్లంకొట్టిన రాయిలా నిలబడ్డాను.

మన అమ్మమ్మలైతే రంగులకి ఎంత చక్కటి పేర్లు పెట్టుకున్నారు! చిలకపచ్చ, నెమలికంఠం, పాలపిట్ట రంగు, కనకాంబరం, మెంతిరంగు, ముక్కుపొడి రంగు, గచ్చకాయ రంగు, నేరేడుపండు, ఉల్లిపొర... పేరు వింటే చాలు, కళ్లముందు కదిలేవి. ఇప్పుడు షేడు నంబర్లొచ్చాయి. "ఇరవయ్యారు ఇవ్వనా, ఇరవయ్యేడు ఇవ్వనా?" అంటాడు కుర్రాడు.

చివరికి ఇటుకరంగుదొకటి, గచ్చకాయ రంగుదొకటి తెచ్చాను. ఇంటికొచ్చి వరండాలో పరిచాను. గచ్చకాయ రంగు గుడ్డ ఎర్రగుడ్డ పక్కన పెడితే ఆకుపచ్చ ఛాయ కొడుతోంది. తీసి నీలం పక్కన పెడితే పసుపు ఛాయ! అదే గుడ్డ, అదే వెలుతురు. నా కళ్లకేమన్నా అయిందా అని భయమేసింది.

కళ్లకేం కాలేదు. పారిస్‌లో గోబెలిన్ నేతశాల అని ఉంది. దాదాపు 200 ఏళ్ల కిందట అక్కడ అద్దకం విభాగానికి మిషెల్ షెవ్రూల్ అనే రసాయన శాస్త్రవేత్త పెద్దగా ఉండేవాడు. నల్లదారం నలుపు సరిగ్గా రావడం లేదని ఆయనకి ఫిర్యాదులొచ్చాయి. పరీక్షించి చూస్తే దారంలో లోపం లేదు. పక్కనున్న రంగుల వల్లే ఆ నలుపు వెలిసినట్టు కనిపిస్తోంది. ఆ విషయాలన్నీ ఆయన 1839లో పుస్తకంగా రాశాడు. రంగు ఒక్కత్తే ఎప్పుడూ ఉండదు, పక్కనున్నదాన్ని బట్టి మారుతుందన్నది సారాంశం. తోడికోడళ్లున్న ఇంట్లో కాపురం చేసినవాళ్లకి ఇది పుస్తకం చదవకుండానే తెలుసనుకోండి!

అమ్మ ట్రంకుపెట్టె

నాలుగు రోజులు తంటాలుపడి, లాభంలేదని గుడ్డలన్నీ సంచిలో వేసుకుని తెనాలి దగ్గర మా ఊరికి, అమ్మ దగ్గరికి వెళ్లాను.

"నా దగ్గరా ఉన్నాయే బోలెడు" అంటూ అమ్మ ట్రంకుపెట్టె తెరిచింది. కలరా ఉండల వాసన గుప్పుమంది. ఒక్కో గుడ్డే తీస్తూ చెప్పుకుపోయింది. "ఈ చిలకపచ్చది మీ మేనత్త పెట్టింది, నీ బారసాలకి. ఈ నేరేడుపండుది మీ పిన్ని గృహప్రవేశంలో. ఈ కనకాంబరం రంగుది మీ అత్తగారు పెట్టారు, నీ కొడుకు అన్నప్రాశనకి..." ఏ గుడ్డ ఎవరిదో, ఏ శుభకార్యానిదో, ఒక్కటీ తడుముకోలేదు.

వింటూంటే ఒక సంగతి తోచింది. అన్నీ పాతవే. ఆరేళ్ల ఇవతలిది ఒక్కటీ లేదు.

"ఈమధ్య ఎవరూ పెట్టలేదా అమ్మా?" అని నోరు జారాను.

"నాకెందుకు పెడతారే?" అంది. కోపంగా కాదు, బాధగా కూడా కాదు. రేషను కార్డులో పేరు తీసేశారు అన్నంత మామూలుగా అంది.

నాన్న పోయి ఆరేళ్లయింది.

మేం ముగ్గురం పిల్లలం చదువుకున్నవాళ్లమే. అమ్మని బొట్టు తీసెయ్యమని మేమెవరం అనలేదు, తీయనివ్వలేదు కూడా. అంతటితో మా బాధ్యత తీరిపోయిందనుకున్నాం. కానీ పేరంటాలకి పిలుపులు ఆగిపోయినప్పుడు, పిలిచినా అమ్మ తనంతట తనే వెనకగదిలో కూర్చున్నప్పుడు, ఆమె చీరలు ఒక్కొక్కటీ బూడిదరంగులోకి, ముక్కుపొడి రంగులోకి మారిపోతున్నప్పుడు మేం గమనించలేదు. ముదురు రంగు కట్టుకోవద్దని ఎవరూ అనలేదు. కట్టుకోమని మాత్రం ఎవరన్నాం? పెద్ద కథలు రాస్తానని పేరు. అమ్మ ట్రంకుపెట్టెలో ఆగిపోయిన తారీఖు నా కంటపడటానికి ఒక పోటీ కావాల్సివచ్చింది.

కళ్లు అరమూసి చూడు!

మర్నాడు పొద్దున్నే వసారాలో గుడ్డలు పరుచుకున్నాం. చిలకపచ్చ, నేరేడుపండు, ఇటుక, నెమలికంఠం, మెంతి, కనకాంబరం. ఆరు రంగులూ బావున్నాయి. కలిపి చూస్తే మాత్రం ఏదో చప్పగా ఉంది.

"కళ్లు అరమూసి చూడవే. రంగు ముగ్గు వేసేటప్పుడు మా అమ్మ అలాగే చూడమనేది" అంది అమ్మ.

అలా చూస్తే ఆరూ కలిసి ఒకే ముద్దలా కనిపించాయి. సెల్‌ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీశాను. దొరికింది కిటుకు! రంగు తీసేసి చూస్తే చిలకపచ్చ, కనకాంబరం ఒకే బూడిదరంగు. మెంతీ దాదాపు అంతే. నెమలికంఠం, ఇటుక ఇంకో జత. అంటే మేం ఆరు రంగులు ఎంచుకున్నామేగానీ అన్నీ నడిమిరకమే. బొంతలో ముక్కలు విడివిడిగా కనపడాలంటే వేరువేరు రంగులుంటే చాలదు, చీకటీ వెలుగూ ఉండాలి. మాకు చీకటికి నేరేడుపండు ఉంది. వెలుగే లేదు.

"కనకాంబరం తీసెయ్, పచ్చలో కలిసిపోతోంది" అంది అమ్మ. తీసి ఇచ్చాను. అమ్మ దాన్ని మడిచి ఒళ్లో పెట్టుకుంది. పెట్టెలో పెట్టలేదు.

"తెల్లది ఊళ్లో కొంటాలే" అన్నాను.

మధ్యాహ్నం ముక్కలు కొలుచుకుంటూ అమ్మకి నేను చదివిన ఒక సంగతి చెప్పాను. అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే చిన్న ఊరుంది. బానిసలుగా బతికిన నల్లవాళ్ల సంతతి వాళ్లది. అక్కడి ఆడవాళ్లు చలికి తట్టుకోవడానికి, చేలో పనిచేసి చిరిగిన బట్టలతో బొంతలు కుట్టేవాళ్లు. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో వాటిని ప్రదర్శిస్తే జనం విరగబడి చూశారు. 2006లో ఆ బొంతల బొమ్మలతో అమెరికా ప్రభుత్వం తపాలా బిళ్లలు వేసింది. ఆ ఊరి మిస్సోరీ పెట్‌వే 1942లో, భర్త పోయాక, ఆయన పనిలోకి వేసుకెళ్లిన బట్టల్ని కోసి బొంత కుట్టుకుంది. వెలిసిపోయిన నీలాలు, బూడిద, తెలుపు. ఆ బొంత ఇప్పటికీ ఉంది.

అమ్మ విని ఊరుకుంది. కాసేపటికి లోపలికి వెళ్లి నాన్న పంచె తెచ్చింది. ఉతికి ఉతికి పాలమీగడలా మెత్తబడిన పంచె.

"తెల్లది కొనడం దేనికి? ఇది చూడు పనికొస్తుందేమో."

"అమ్మా, అంచుంది. సాదావే వాడాలి" అన్నాను. నా నోటికి ఆ మాట ఎలా వచ్చిందో!

అమ్మ కత్తెర తీసుకుని రెండువైపులా అంచు కోసి, ఆ అంచుని చుట్టచుట్టి ట్రంకుపెట్టెలో పెట్టింది. మిగిలిన తెల్లగుడ్డ నా ముందుకి తోసింది. పాతది కదా, ఒంటిపొరైతే నిలవదని రెండు పొరలుగా వాడాం.

రాత్రి పడుకోబోతూ, చీకట్లో, మెల్లిగా అడిగింది. "ఆ కనకాంబరం రంగుదాంట్లో నాకు జాకెట్టు వస్తుందంటావా? చేతులు మోచేతిదాకా రావాలి."

"ఎందుకు రాదమ్మా, శుభ్రంగా వస్తుంది" అన్నాను. దీపం ఆర్పేసి ఉండబట్టి సరిపోయింది.

మీరూ కుట్టాలనుకుంటే...

అన్నట్టు, ఇన్ని తప్పులు చేశాక నేర్చుకున్నవి నాలుగు ముక్కలు చెబుతాను. మీకు పనికొస్తాయి.

* గుడ్డ ఎంత కావాలి: 45 అంగుళాల చదరానికి 5 అంగుళాల గళ్లు వరసకి 9 చొప్పున 81 పడతాయి. కుట్టులోకి పోయేదానికి చుట్టూ పావంగుళం కలిపి ముక్కని ఐదున్నర అంగుళాలకి కోయండి. 80 సెంటీమీటర్ల జాకెట్టు గుడ్డ పన్నా 36 అంగుళాలుంటే 30 ముక్కలు వస్తాయి. అంటే మూడు గుడ్డలే చాలు! రంగులెక్కువ కావాలంటే ఒక్కోదాంట్లో కొంత మిగుల్తుంది. వెనకవైపుకీ మధ్య పొరలకీ పాత నూలుచీర వాడండి.

* నూలో కాదో చూసుకోండి: రూబియా పేరుతో అమ్మేవన్నీ అచ్చం నూలు కావు. అంచునుంచి నాలుగు పోగులు లాగి, సింకు దగ్గర జాగ్రత్తగా కాల్చి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసనొచ్చి బూడిదవుతుంది. పాలిస్టరు కలిస్తే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. రెండు రకాలూ ఒకే బొంతలో వద్దు. ఒకటి ముడుచుకుంటుంది, ఇంకోటి ముడుచుకోదు.

* కోసేముందే ఉతకండి: ఒక్కో గుడ్డనీ విడిగా, సబ్బు కలిపిన వేడినీళ్లలో తెల్ల పేలికతోపాటు నానబెట్టండి. పేలికకి రంగంటితే మళ్లీ ఉతకండి. మూడుసార్లు ఉతికినా రంగు దిగుతుంటే దాన్ని పక్కనపెట్టెయ్యండి, ముఖ్యంగా పక్కన తెలుపుంటే. ఉప్పునీళ్లలో ముంచితే రంగు ఆగుతుందని మనందరి నమ్మకం. ఉప్పు అద్దకం తొట్టిలో పనికొస్తుందిగానీ, అద్దకమయ్యాక వదిలే రంగుని పట్టి ఆపలేదు.

* పగటివెలుగులో ఎంచుకోండి: షాపులో లైటు కింద చూసిన రంగు వేరు, వరండాలో చూసిన రంగు వేరు. కొనేముందు గుమ్మందాకా తెచ్చి చూపించమనండి. సిగ్గుపడకండి.

* ముదురొకటి, లేతదొకటి ముందు ఖాయం చేసుకోండి: నడిమిరకాలు ఆ తర్వాత. కళ్లు అరమూసి చూడండి, లేదా ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీయండి. గచ్చకాయ రంగులాంటి నెమ్మదైన రంగొకటి ఉంటే మిగతావి కొట్టుకోకుండా ఉంటాయి.

* కుట్టు దాగదు, సంగతి మరిచిపోకండి: సాదాగుడ్డ మీద ప్రతి టాకా కనిపిస్తుంది. కుట్టు నేర్చుకుంటున్నవాళ్లు గుడ్డరంగు దారమే వాడండి. చెయ్యి తిరిగినవాళ్లు వేరేరంగు దారంతో కుడితే అదే అలంకారం.

పోటీ ఏమైందంటే...

నాకు బహుమతి రాలేదు. మొదటి బహుమతి కొత్తగా పెళ్లయిన ఒక అమ్మాయికి వచ్చింది. ఆరు రంగులదాకా వాడొచ్చన్నా, ఆ అమ్మాయి నలుపు, తెలుపు, ఇటుకరంగు మూడే వాడింది. బొంత చూడగానే 'ఔరా' అనిపించింది. మనలో చాలామందికి అన్నీ కలిపెయ్యాలని ఆరాటం. వదిలెయ్యడం తెలిసినవాళ్లకే రంగులు లొంగుతాయి.

పోటీ చూడటానికి అమ్మని తీసుకొచ్చాను. బూడిదరంగు చీరమీద కనకాంబరం రంగు జాకెట్టు వేసుకొచ్చింది. మ్యాచింగ్ కాదు. ఎంత బావుందో! బొంత ముందు చాలాసేపు నిలబడి, తెల్లముక్క ఒకదాన్ని వేలితో తడిమి, "కుట్టు ఇక్కడ కాస్త వంకరపోయిందే" అంది. ఆ బొంత ఇప్పుడు అమ్మ మంచం మీదే ఉంది.

తర్వాత వచ్చిన శ్రావణమాసంలో అమ్మ మా ఇంట్లోనే ఉంది. పేరంటంరోజు ఎప్పటిలాగే వెనకగదికి వెళ్లబోతుంటే చెయ్యిపట్టుకుని ముందుగదిలో కూర్చోబెట్టాను. ఒకరిద్దరు మొహాలు చూసుకున్నారు. మా అత్తయ్యగారు ఏమంటారోనని నాకూ లోపల బెరుగ్గానే ఉంది. ఆవిడ ఏమీ అనలేదు. జాకెట్టు గుడ్డల పళ్లెం తనే అందుకుని అమ్మ ముందు పెట్టి, "ఏ రంగు కావాలో మీరే తీసుకోండి వదినగారూ" అన్నారు.

అమ్మ వెంటనే తీసుకోలేదు. ఒక్కో గుడ్డా పక్కకి జరిపి, కిటికీవైపు తిప్పి వెలుగులో చూసి, కళ్లు అరమూసి మళ్లీ చూసింది. అందరం ఆగాం.

చివరికి పాలపిట్ట రంగుది తీసుకుంది.